అడిగినా ఇవ్వకు

(డాలస్ దగ్గర ఒక తెలుగు మిత్రబృందం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది. సభలోంచి వచ్చిన మాటల్ని కొన్నిచోట్ల కుదించాం.)

వెనక వరసల్లో కూర్చున్నవాళ్లు కొంచెం ముందుకి రావచ్చు. ఇవాళ నా దగ్గర తుపాకి లేదు. (నవ్వులు)

నవ్వారు, సంతోషం. ఇంకో నిమిషం తర్వాత కూడా నవ్వుతారో లేదో చూద్దాం. నాకు బైపోలార్ ఉంది, మనసు పట్టరాని హుషారుకీ కుంగుబాటుకీ మధ్య ఊగే జబ్బు. 2012 నుంచి రోజూ రాత్రి మందు వేసుకుంటాను. నా పేరు మీద ఒక పిస్టల్ కూడా ఉంది. ఈ రెండో సంగతి మీలో చాలామందికి తెలుసు. మొదటిది ఇద్దరో ముగ్గురికో తప్ప తెలియదు. మనవాళ్లు గన్ కొంటే వాట్సాప్‌లో ఫొటో పెడతారు, మందు కొంటే పెట్టరు. (నవ్వులు) మాత్రల సంగతండీ నేను చెప్పేది.

నేను డాక్టర్ని కాను, లాయర్ని కాను. డేటాబేస్‌లు చూసుకునే ఉద్యోగం. కాకపోతే ఈ చట్టాలు ఎవరిని దృష్టిలో పెట్టుకుని రాశారో ఆ గుంపులో నేనూ ఉన్నాను కాబట్టి, ఒకటికి రెండుసార్లు చదివాను.

2018లో కొన్నాను. మన ఇళ్లలో బంగారం ఉంటుందని కనిపెట్టి దొంగలు పడుతున్న రోజులు. మా వీధిలోనే రెండిళ్లు పోయాయి. షాపులో గాజు కౌంటర్ మీద ఒక ఫారం పెట్టారు, దాన్ని 4473 అంటారు. పేరు, ఎత్తు, బరువు, ఆ తర్వాత వరసగా అవును, కాదు ప్రశ్నలు. పెద్ద నేరంలో శిక్ష పడిందా, పోలీసులకి దొరక్కుండా తిరుగుతున్నారా, గంజాయి అలవాటుందా. చకచకా టిక్కులు పెట్టుకుంటూ వచ్చి ఒకచోట ఆగిపోయాను. మిమ్మల్ని ఎప్పుడైనా "మెంటల్ డిఫెక్టివ్" అని నిర్ధారించారా, లేదా మానసిక చికిత్సాలయానికి "కమిట్" చేశారా?

మెంటల్ డిఫెక్టివ్ అట. తయారీలో తేడా వచ్చిన సరుకు గురించి చెప్పినట్టు. 1968లో చేసిన చట్టంలోని మాట అది, ఇప్పటికీ అలాగే ఉంది. మన దగ్గర మాత్రం తక్కువా? హైదరాబాద్‌లో పెరిగినవాళ్లలో స్నేహితుణ్ని "నిన్ను ఎర్రగడ్డకి పంపాలిరా" అనని వాడెవడు? నేనూ అన్నాను, చాలాసార్లు. 2012లో ఒక ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉండొచ్చాక మానేశాను.

ఆ తొమ్మిది రోజులే ఇప్పుడు పెన్నుని ఆపాయి. కౌంటర్ అవతల కుర్రాడు చూయింగ్ గమ్ నములుతూ నా చెయ్యి వైపే చూస్తున్నాడు. ఆ ఫారంలో అబద్ధం రాస్తే పదేళ్ల దాకా జైలు. నిజం ఏమిటో నాకే తెలియదు. "వైఫ్‌కి ఫోన్ చెయ్యాలి" అని చెప్పి బయటికొచ్చి, కారులో కూర్చుని ఫోన్‌లో చట్టం చదివాను.

మీలో ఎవరికైనా పనికొస్తుంది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. "కమిట్" అంటే ఆసుపత్రిలో చేరడం కాదు. కోర్టో, చట్టం అధికారమిచ్చిన ఇంకెవరో మనిషి ఇష్టంతో పనిలేకుండా పంపడం. మీ అంతట మీరు నడిచి వెళ్లి, సంతకం పెట్టి చేరితే అది లెక్కలోకి రాదు. పరిశీలన కోసం ఉంచుకున్నా రాదు. డిప్రెషన్, బైపోలార్, ఏడీహెచ్‌డీ, ఆటిజం, ఇవన్నీ ఫెడరల్ చట్టం దృష్టిలో డాక్టర్ చీటీలో రాసిన పేర్లు మాత్రమే. చీటీ చూసి తుపాకి కాదనరు. నేను సొంతంగా చేరాను కాబట్టి నా జవాబు "కాదు". లోపలికెళ్లి టిక్కు పెట్టాను. ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది.

ఇది ఫెడరల్ సంగతి. రాష్ట్రానికొక తీరు. న్యూజెర్సీలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. అక్కడ దరఖాస్తులో, మానసిక సమస్యకి ఎప్పుడైనా ఏ డాక్టర్ దగ్గరికైనా, కనీసం బయటి పేషెంటుగానైనా వెళ్లారా అని అడుగుతారు. రికార్డులు చూసుకోమని సంతకం కూడా పెట్టించుకుంటారు. మన టెక్సాస్‌ది ఇంకో వింత. ఇక్కడ తుపాకి వెంట పెట్టుకు తిరిగే లైసెన్సు చట్టంలో బైపోలార్ పేరు పెట్టి మరీ రాశారు. జబ్బు అదుపులో ఉందని సైకియాట్రిస్ట్ కాగితం ఇవ్వాలి. బాగానే ఉంది. కానీ 2021 సెప్టెంబర్ 1 నుంచి అసలు ఆ లైసెన్సే లేకుండా తిరగొచ్చన్నారు! తలుపుకి గొళ్లెం పెట్టి, పక్క గోడ పడగొట్టినట్టు.

ఇండియాలో పెరిగినవాళ్లకి ఇదంతా విడ్డూరంగానే ఉంటుంది. అక్కడ తుపాకి హక్కు కాదు, లైసెన్సు. 1959 ఆయుధాల చట్టం మతిస్థిమితం లేనివాళ్లకి వద్దంటుంది, మిగతావాళ్లు కూడా ఎందుకు కావాలో చెప్పుకోవాలి. ఇక్కడ తుపాకి ఉంచుకునే హక్కు గురించి 1791 నాటి రాజ్యాంగ రెండో సవరణ ఉంది. అది వ్యక్తిగత హక్కేనని 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో, మానసిక జబ్బు ఉన్నవాళ్ల మీద ఎప్పట్నుంచో ఉన్న నిషేధాల జోలికి మేం వెళ్లడం లేదని కూడా రాసింది. అంటే హక్కు ఉంది, మాలాంటివాళ్ల దగ్గర చిన్న అక్షరాల్లో షరతు ఉంది.

ఆ షరతు పట్టుకోవాల్సినవాణ్ని వదిలేస్తుంది, అక్కర్లేనివాణ్ని పట్టుకుంటుంది. 2007లో వర్జీనియా టెక్‌లో 32 మందిని చంపిన విద్యార్థిని, అంతకు పదహారు నెలల ముందే ఒక కోర్టు ప్రమాదకరమైన స్థితిలో ఉన్నాడని చికిత్సకి పంపింది. ఆ కాగితం తుపాకి అమ్మేముందు చూసే జాబితాలోకి ఎక్కలేదు. షాపులో అందరిలాగే కొనుక్కున్నాడు. ఇటు మిషిగన్‌లో ఒకాయన. 1980లలో భార్య వదిలేసి వెళ్తే తట్టుకోలేకపోయాడు, కోర్టు ఆసుపత్రికి పంపింది, నెలలోపే బయటికొచ్చాడు. ఉద్యోగం చేసుకున్నాడు, మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. 70 దగ్గరపడ్డాక తుపాకి కొనబోతే జీవితాంతం కుదరదన్నారు. 2016లో అప్పీలు కోర్టు ఆయన మొర వినాల్సిందేనంది. ఆ తొమ్మిది రోజులకి ముందు రాత్రి మా ఆవిడ భయపడి పోలీసులకి ఫోన్ చేసి ఉంటే, నేనూ ఆయనలాగే ఉండేవాణ్నేమో. ఆవిడ మా తోడల్లుడికి చేసింది. అంతే తేడా.

ఒబామా చివరి రోజుల్లో ఒక నిబంధన తెచ్చారు. మానసిక కారణంతో సోషల్ సెక్యూరిటీ డబ్బు తీసుకుంటూ, ఆ డబ్బు లెక్క చూడ్డానికి ఇంకొకరి మీద ఆధారపడ్డవాళ్ల పేర్లు తుపాకి జాబితాలోకి పంపాలని. 2017 ఫిబ్రవరిలో కాంగ్రెస్, ట్రంప్ కలిసి దాన్ని కొట్టేశారు. తుపాకి సంఘాలు వ్యతిరేకించాయంటే ఆశ్చర్యం లేదు. పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ, వికలాంగుల హక్కుల సంఘాలు, ఆటిజం ఉన్నవాళ్లే నడుపుకునే సంఘం కూడా వ్యతిరేకించాయి. వాళ్లకి తుపాకులంటే ప్రేమ ఉండి కాదు. చెక్‌బుక్ లెక్క చూసుకోలేనివాడు మనుషుల్ని కాలుస్తాడని ఎవరు చెప్పారు అన్నది వాళ్ల ప్రశ్న. నాకు ట్రంప్ చేసిన పనుల్లో నచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ఇది అందులో ఒకటి. (సభలో గుసగుసలు) సరే సరే, రాజకీయాలు టీ టైంలో.

ఎక్కడ కాల్పులు జరిగినా టీవీలో మొదటి మాట "మెంటల్" అనే వస్తుంది. డ్యూక్ యూనివర్సిటీలో జెఫ్రీ స్వాన్సన్ అనే పరిశోధకుడు దశాబ్దాలుగా ఇదే లెక్క చూస్తున్నాడు. తీవ్రమైన మానసిక జబ్బులన్నీ రేపు పొద్దునకి మాయమైపోయినా, ఈ దేశంలో హింస తగ్గేది 4 శాతం దగ్గర. మిగతా 96 మంచి బుర్ర ఉన్నవాళ్ల ఖాతాలోదే.

నిన్న ఒక అక్క ఫోన్ చేసి అడిగారు. వాళ్లబ్బాయికి ఆటిజం, పదహారేళ్లు. తుపాకుల మోడళ్లు, ఏ కంపెనీ ఏ ఏడు తయారుచేసింది, అన్నీ కంఠతా. తుపాకి కాల్చడం నేర్పే రేంజ్‌కి తీసుకెళ్లమని గొడవ. "భయమేస్తోంది తమ్ముడూ, ఆ శాండీ హుక్ అబ్బాయికి కూడా అదే కదా" అన్నారు. అక్కా, ఆ అబ్బాయికి ఆస్పర్జర్స్, అంటే ఆటిజంలోనే ఒక రకం, అని రాసిన మాట నిజమే. 2012 డిసెంబర్ 14న ఆ బడిలో 20 మంది పసిపిల్లల్ని, ఆరుగురు పెద్దవాళ్లని చంపాడు. అంతకుముందు ఇంట్లో కన్నతల్లిని చంపాడు. ఆటిజం వల్ల మనుషులు హంతకులు కారు. ఆ కేసులో నాకు కనిపించేది ఇంకోటి. కొడుకు గదిలోంచి బయటికి రావడం లేదు, తల్లితో కూడా ఈమెయిల్లోనే మాట్లాడుతున్నాడు, ఆ ఇంట్లో తల్లి కొన్న తుపాకులు అతని చేతికి అందేలా ఉన్నాయి. మీవాడికి రైలింజన్ల పిచ్చి ఉంటే స్టేషన్‌కి తీసుకెళ్తారు కదా, అలాగే రేంజ్‌కీ తీసుకెళ్లొచ్చు, మీరు పక్కనుండి. ఇంటికి మాత్రం తేవద్దు. తెస్తే తాళం నంబరు వాడికి తెలియకూడదు. వీళ్లకి నంబర్లు ఇట్టే గుర్తుంటాయి, పుట్టినరోజులు పెట్టకండి.

తాళం అంటే గుర్తొచ్చింది. 2021 నవంబర్‌లో మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ స్కూల్లో ఒక పదిహేనేళ్ల పిల్లవాడు నలుగురు తోటి విద్యార్థుల్ని చంపాడు. ఆ పొద్దునే లెక్కల కాగితం మీద, ఆలోచనలు ఆగడం లేదు, సాయం చెయ్యండి అని రాశాడు. తుపాకి నాలుగు రోజుల ముందు తండ్రి కొన్నది. 2024లో తల్లికీ తండ్రికీ కూడా పదేళ్ల నుంచి పదిహేనేళ్ల జైలు పడింది. పిల్లవాడు స్కూల్లో జరిపిన సామూహిక హత్యలకి అమ్మానాన్నల మీద అలాంటి తీర్పు రావడం అమెరికాలో అదే మొదలు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇవేవీ కాదు. ఇంతసేపూ ఎవరో ఎవర్నో కాల్చడం గురించి మాట్లాడుకున్నాం. 2023లో ఈ దేశంలో తుపాకి వల్ల 46 వేల మందికి పైగా పోయారు. అందులో 27 వేల పైచిలుకు ఆత్మహత్యలు. మాలాంటివాళ్ల వల్ల ఊరికి ప్రమాదమని అందరూ భయపడతారు. మాకు మా వల్లే ప్రమాదం, ఎక్కువసార్లు.

మాది పల్నాడు. 1987లో తెల్లదోమ పత్తిని మింగేసిన ఏడు నాకు ఎనిమిదేళ్లు. మా బాబాయి ఆరెకరాలు కౌలుకి వేసి అంతా పోగొట్టుకున్నాడు. అన్నం తినేవాడు కాదు, వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు. ఒకరోజు మా నాయనమ్మ అటక మీంచి పురుగుమందు డబ్బా దింపింది. మా ఊళ్లో ఏ మందైనా ఎండ్రినే. దాన్ని పాత గోనెపట్టాలో చుట్టి, నన్ను వెంటబెట్టుకుని, రెండిళ్ల అవతల సుబ్బమ్మత్త ఇంటికి తీసుకెళ్లింది. "ఒసే, ఇది నీ దగ్గర ఉంచవే. మావాడు అడిగినా ఇవ్వకు" అంది. గుమ్మం దాకా వచ్చి మళ్లీ వెనక్కి తిరిగి, "నేనడిగినా ఇవ్వకు" అంది. ఆ రెండో మాట ఎందుకందో నాకు ముప్పై ఏళ్లు అర్థం కాలేదు. పంట పోయింది ఆమెది కూడా.

మా నాయనమ్మకి డిప్రెషన్ అనే మాట తెలియదు. కొడుక్కి ఏ పేరూ పెట్టలేదు. డబ్బాని మాత్రం రెండిళ్ల దూరం జరిపింది. శ్రీలంకలో 1995 నుంచి మరీ విషమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటే నిషేధిస్తూ వచ్చారు. ఇరవై ఏళ్లలో అక్కడ ఆత్మహత్యల రేటు మూడో వంతుకి దిగింది. రైతుల అప్పులేమీ తీరిపోలేదు. ఇజ్రాయెల్ సైన్యంలో 2006లో కుర్రాళ్లని వారాంతం సెలవుకి ఇంటికెళ్లేటప్పుడు తుపాకి క్యాంపులోనే పెట్టి వెళ్లమన్నారు. ఆత్మహత్యలు 40 శాతం తగ్గాయి. ఎవరి మనసూ మారలేదు, వస్తువు చేతికి అందలేదు, అంతే.

మన హ్యూస్టన్‌లోనే ఒక అధ్యయనం జరిగింది. చావు అంచుదాకా వెళ్లి బతికిన యువతీ యువకుల్ని అడిగారు, చనిపోవాలనుకోవడానికీ ఆ పని చేయడానికీ మధ్య ఎంతసేపు పట్టిందని. దాదాపు నాలుగో వంతు మంది చెప్పిన జవాబు, అయిదు నిమిషాల లోపు. బతికి బయటపడ్డవాళ్లలో పదికి తొమ్మిది మంది తర్వాత ఆత్మహత్యతో పోరు. తుపాకి దగ్గర ఆ రెండో అవకాశం ఉండదు. పదికి తొమ్మిది మంది అక్కడే పోతారు. కాలిఫోర్నియాలో 2 కోట్ల 60 లక్షల మంది రికార్డులు చూసి 2020లో ఒక పరిశోధన ప్రచురించారు. చేతితుపాకి ఉన్న మగవాళ్లు తుపాకితో ఆత్మహత్య చేసుకునే అవకాశం లేనివాళ్ల కంటే 8 రెట్లు, ఆడవాళ్లలో 35 రెట్లు. ఇందులో జబ్బు పేరు ఎవరూ అడగలేదు చూడండి.

2021 ఫిబ్రవరి మంచు మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. కరెంటు పోయి, పైపులు పగిలి, దుప్పట్లు కప్పుకుని కూర్చున్న వారం. బైపోలార్ ఉన్నవాడికి నిద్ర చెడితే అంతా చెడినట్టే. నాకు ఆ వారం చెడిన నిద్ర మార్చి దాకా దారికి రాలేదు. మొదట హుషారు. ఆ తర్వాత పడిపోవడం. ఒక రాత్రి రెండింటప్పుడు క్లోజెట్‌లో సేఫ్ ముందు కూర్చుని ఉన్నాను. తెరవలేదు. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మా ఆవిడ వచ్చి లైటు వేసింది. ఏమీ అడగలేదు. పొద్దున కాఫీ ఇస్తూ "ఆ డబ్బా మనింట్లో వద్దు" అంది. డబ్బా అంది, గన్ అనలేదు. నాయనమ్మ కథ ఎప్పుడో నేనే చెప్పాను.

సుబ్బమ్మత్త కోసం వెతుకులాట మొదలైంది. (నవ్వులు) నవ్వకండి, నిజంగానే కష్టం. ముందు నా ప్రాణస్నేహితుడికి ఫోన్ చేశాను. పది నిమిషాల్లో వచ్చాడు పాపం. వచ్చాక గుర్తొచ్చింది, వాడు హెచ్‌వన్‌బీ మీద ఉన్నాడు. వేట లైసెన్సు లాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్పితే ఆ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి ముట్టుకోవడమే ఫెడరల్ నేరం. దాచిపెట్టడానికైనా సరే. వాడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, మ్యూజియంలో బొమ్మ చూసినట్టు సేఫ్‌ని చూసి, టీ తాగి వెళ్లిపోయాడు. ఇక్కడున్న హెచ్‌వన్ తమ్ముళ్లందరూ ఇది రాసిపెట్టుకోండి. గ్రీన్‌కార్డు ఉంటే పరవాలేదు. మా అన్నయ్యకి ఉంది, కాని ఆయన వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్నాడు. అక్కడ తుపాకి చేతులు మారాలన్నా, తీసుకునేవాడి పేరు నిషేధం జాబితాలో ఉందేమో చెక్ జరగాలి, కొన్ని మినహాయింపులున్నాయి. టెక్సాస్‌లో పక్కింటాయనకి ఇవ్వడానికి ఏ కాగితమూ అక్కర్లేదు. అవతలి మనిషికి నిషేధం లేకపోతే చాలు.

చివరికి రేంజ్‌లో పరిచయమైన ఒక పెద్దాయన. డెబ్భై దాటాయి, సైన్యంలో చేశాడు, ఓటు ఎవరికేస్తాడో టోపీ చూస్తేనే తెలుస్తుంది. ఆయనతో ఏం చెప్పాలా అని రెండురోజులు రిహార్సల్ చేసుకున్నాను. తీరా వెళ్లి, "నాకు ఈ మధ్య బాగా లేదు, కొన్నాళ్లు ఇది మీ దగ్గర ఉంచుతారా" అన్నాను. మా తమ్ముడిది కూడా ఒకసారి ఉంచాను అన్నాడు. ఇంకేమీ మాట్లాడలేదు. సేఫ్ తెరిచి పెట్టి, మూసి, ఫ్రిజ్‌లోంచి కోక్ తీసిచ్చాడు. మన సంఘాల్లో ఎవరి దగ్గరా ఇంత తేలిగ్గా నేను ఈ మాట అనలేకపోయాను. గన్‌వాళ్ల దగ్గర అనగలిగాను. న్యూ హాంప్‌షైర్‌లో 2009లో ఒకే షాపులో ఒకే వారంలో తుపాకి కొన్న ముగ్గురు, కొన్న కొద్ది గంటల్లోనే ప్రాణాలు తీసుకున్నారు. ఆ షాపు యజమానీ, ఆరోగ్యశాఖలో పనిచేసేవాళ్లూ కలిసి, అలాంటి కొనుగోలుదార్ని ఎలా గుర్తించాలి, ఏం మాట్లాడాలి అని దుకాణాల కోసమే ఒక కార్యక్రమం పెట్టారు. తుపాకి అమ్ముకునేవాడు అమ్మకుండా ఉండటం నేర్చుకున్నాడన్నమాట.

రెడ్ ఫ్లాగ్ చట్టాల గురించి అడుగుతారని తెలుసు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. కుటుంబమో పోలీసులో కోర్టుకి చెబితే కొంతకాలం తుపాకి తీసి పక్కన పెట్టడం. కనెటికట్ 1999లో మొదలుపెట్టింది. అక్కడ పది నుంచి ఇరవై తుపాకి స్వాధీనాలకి ఒక ప్రాణం నిలబడిందని స్వాన్సన్ బృందం లెక్క తేల్చింది. పార్క్‌లాండ్ స్కూల్లో కాల్పుల తర్వాత 2018లో ఫ్లోరిడా కూడా తెచ్చింది, అదీ రిపబ్లికన్ల రాష్ట్రం. మన టెక్సాస్‌లో లేదు సరికదా, 2025లో అలాంటివి చెల్లవని చట్టం చేశారు. నాకు ఆ చట్టాల్లో నచ్చేది, డాక్టర్ చీటీ చూడరు, మనిషి ఇవాళ ఏం చేస్తున్నాడో చూస్తారు. నచ్చనిది, పోలీసులు తలుపు కొట్టడం. మన మొహాలు చూసి ఎలా కొడతారో చెప్పలేం.

నాకు మనస్ఫూర్తిగా నచ్చింది ఇంకోటి ఉంది. ఫ్రెడ్రిక్ వార్స్ అని అలబామాలో లా ప్రొఫెసర్, తనకి బైపోలార్ ఉందని బహిరంగంగా చెప్పుకున్న మనిషి. ఆయన ఆలోచన ఏమిటంటే, నేను బాగున్నప్పుడు నా పేరు నేనే ఇచ్చుకుంటాను, "నాకు తుపాకి అమ్మకండి" అని. వద్దనుకున్నప్పుడు తీసేయించుకోవచ్చు, కాకపోతే కొన్నిరోజులు ఆగాలి. వాషింగ్టన్, వర్జీనియా, యూటా రాష్ట్రాలు అలాంటి చట్టాలు చేశాయి. నేనడిగినా ఇవ్వకు అని కాగితం మీద రాసివ్వడమే కదా. మా నాయనమ్మ పేటెంట్ తీసుకోవాల్సింది. (నవ్వులు, చప్పట్లు)

ఇక్కడ 988కి ఫోన్ చెయ్యొచ్చు, మెసేజ్ అయినా పెట్టొచ్చు. ఇండియాలో మీవాళ్లుంటే 14416, టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు. ఫోన్‌లో పెట్టుకోండి, ఇప్పుడే. అందరూ తీశారా? ఆ వెనకాయన తీయలేదు.

ఇక ప్రశ్నలు. (సభలోంచి ఒకరు: "డాక్టర్‌కి చెబితే గన్ లాక్కుంటారేమోనని భయం సార్, అందుకే చాలామంది వెళ్లరు.") అవును, మంచి ప్రశ్న. ఈ భయం వల్లే ఎక్కువ ప్రమాదం. డాక్టర్‌కి నిజం చెప్పినందుకు, మందులు వాడినందుకు ఫెడరల్ చట్టం తుపాకి తీసుకోదు. మీరు సొంతంగా వెళ్లినంత కాలం మీ హక్కు మీ దగ్గరే ఉంటుంది. వెళ్లకుండా ఆగి ఆగి, కోర్టు బలవంతాన పంపే దాకా వస్తే అప్పుడు పోతుంది. హక్కు కావాలనుకునేవాడే ముందు వెళ్లాలి.

(ముందు వరసలోంచి ఒక మహిళ: "మరి మీరు తిరిగి ఎప్పుడు తెచ్చుకున్నారు?")

ఎనిమిది నెలల తర్వాత వెళ్లానండీ. నిద్ర కుదిరింది, డాక్టర్ బాగుందన్నాడు, బరువు కూడా పెరిగాను. పెద్దాయన గరాజ్‌లో ఏదో రిపేరు చేసుకుంటున్నాడు. వచ్చిన పని చెప్పాను. చేతులు తుడుచుకుని, "మీ ఆవిడకి ఫోన్ చెయ్" అన్నాడు. ఆవిడకి తెలుసు, నేను చెప్పే వచ్చాను అన్నాను. "చెయ్" అన్నాడు. చేసి స్పీకర్‌లో పెట్టాను. ఆయన తన టెక్సాస్ యాసలో అడిగాడు, మీ ఆయన వచ్చాడు, ఇవ్వమంటావా అని. అటు కాసేపు మాట లేదు. వెనక కుక్కర్ విజిల్ వినిపిస్తోంది. తర్వాత మా ఆవిడ, "అంకుల్, ఇంకో నెల ఉంచండి" అంది.

ఆయన నావైపు చూసి భుజాలెగరేశాడు. కోక్ ఇచ్చాడు. తాగి వచ్చేశాను.